మా తోడల్లుడు అతికిన పైపు

మా అత్తగారు ప్రార్థనలో ముందు చిన్నల్లుడి పేరు ఎత్తుతారు. తర్వాత అతని పిల్లలు, తర్వాత తోట, ఆ ఏటి కాపు, ఆ తర్వాత నేను. పెద్దల్లుడిని నేనే. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంటారు కాబట్టి నా ముఖం ఎలా మారుతుందో ఆవిడకి కనిపించదు. మా ఆవిడకి కనిపిస్తుంది. అందుకే ప్రార్థన అయ్యేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. చూసేవాళ్ళు భక్తి అనుకుంటారు.

నాది కుళ్ళుబోతు బుద్ధి అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా తోడల్లుడు నాకంటే ఆరేళ్ళు చిన్న. గట్టిగా మాట్లాడడు, గొప్పలు చెప్పుకోడు. గొప్పలు చెప్పుకునే మనిషైతే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. అది కూడా బాగానే వాయిస్తాడు, ఏం చేస్తాం.

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు రోడ్డు తిరిగాక నా సైలెన్సర్ల షాపు. ముప్ఫై ఏళ్ళకి పైగా లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు. హైవే మీద లారీ వెళుతుంటే లోపల టీ తాగుతూనే మోత విని చెప్పేస్తాను, దీనికి డబ్బా పగిలిందనీ, దానికి మెడ దగ్గర చిల్లు పడిందనీ. డ్రైవర్లు ఆ మాట నిజమో కాదో దిగి చూసుకుని, నవ్వుకుంటూ వచ్చి పని అప్పజెప్పేవాళ్ళు. చదువులో గానీ, పాటలో గానీ, అత్తారింటి లెక్కలో గానీ నేను ఎక్కడా మొదటివాడిని కాను. సైలెన్సర్ అంటే మాత్రం నేనే. ఆ ఒక్క కుర్చీ నాది అనుకుంటూ బతికాను.

మా తోడల్లుడిది నూజివీడు అవతల మామిడి రసం ఫ్యాక్టరీలో పని. కాపు రోజుల్లో కలెక్టర్ మామిడికాయల లారీలు అక్కడ గేటు ముందు బారులు తీరి ఉంటాయి. కాయల్ని కడిగి, పిండి, ఆ రసాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపేవి స్టీలు పైపులు. అవి అతకడం, విప్పి కడిగించడం, మళ్ళీ బిగించడం అతని ఉద్యోగం. పైపులంటే ఇద్దరికీ పైపులే. నావాటిలో పొగ, అతని వాటిలో మామిడి రసం. మా మామగారు బతికున్న రోజుల్లో ఎవరైనా అల్లుళ్ళ గురించి అడిగితే, చిన్నవాడు ఫ్యాక్టరీలో అనేవారు, పెద్దాయన షాపు అనేవారు. ఆ రెండు మాటలూ ఆయన ఒకే గొంతుతో అనేవారు కాదు.

మూడేళ్ళ క్రితం, ఫ్యాక్టరీలో పని అయిపోయి తొలి వానలు పడుతున్నప్పుడు, నూజివీడు ఎముకల డాక్టరుగారు నా షాపుకి వచ్చారు. ఎర్రటి కారు. ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్స్ కారు, ఎప్పుడో తయారైన విదేశీ బండి. ఎంత కిందకి ఉందంటే షాపు ముందు గట్టు ఎక్కలేక పొట్ట రాసుకుంది. పక్క కొట్టు నుంచి మామిడికాయల పెట్టెల చెక్కలు తెచ్చి పరిస్తే ఎక్కింది. దాని పైపు మొత్తం తుప్పు పట్టి రాలిపోయి, మిగిలిన ముక్కల్ని ఎవరో ఇనప తీగతో కట్టి నడిపించారు. ఆ కారుకి సరిపోయే పైపు ఇప్పుడు ఎక్కడా దొరకదట.

"ఇంజిను దగ్గర్నుంచి చివరిదాకా స్టీలుతో కొత్తగా చేయాలండి," అన్నారు డాక్టరుగారు. "మోత వద్దు. వీధిలో జనం తిరిగి చూడకూడదు. నడిపేవాడికి మాత్రం లోపల వినబడాలి. ఈ చుట్టుపక్కల ఎవర్ని అడిగినా మీ పేరే చెప్పారు."

ఆ ఆఖరి మాటతో నేను బోర్లా పడ్డాను. చేస్తానండీ, ముప్ఫై ఏళ్ళ అనుభవం అన్నాను. ఆయన వెళ్ళాక పలచటి స్టీలు రేకు ముక్క ఒకటి తీసి నా వెల్డింగు పెట్టి చూసుకున్నాను. తూటు పడింది. ఇంకోటి తీశాను. అదీ తూటే. లారీ పైపు మందంగా ఉంటుంది, ఎంత మంటనైనా ఓర్చుకుంటుంది. ఈ స్టీలు అలాంటిది కాదు. దానికి ఆర్గాన్ గ్యాసుతో చేసే వెల్డింగు కావాలి, అది నాకు రాదు. సాయంత్రానికి కాలిన ముక్కలు ఒక బకెట్టు అయ్యాయి, వాటిమీద గోనె కప్పేశాను.

ఇంట్లో సంగతి చెప్పగానే మా ఆవిడ అంది, "మా చెల్లాయి వాళ్ళాయన్ని పిలవండి. ఫ్యాక్టరీ సెలవులేగా."

ఆ పూట అన్నం సహించలేదు. ఆమె చెప్పినది తప్పని కాదు, నాకు అప్పటికే తట్టిన మాట అని. రెండు రోజులు ఆగి, ఇంక దారి లేక ఫోన్ చేశాను. "వస్తానండి అన్నయ్యా," అన్నాడు, ఎందుకూ ఏమిటీ అని అడగకుండా.

ఆర్గాన్ మిషనూ సిలిండరూ ఆటోలో వేసుకుని వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు నా షాపులో ఒక మూల ఊడ్చి, నీళ్ళు చల్లి, చాప పరిచాడు. ఆ మూల ముప్ఫై ఏళ్ళలో నేను ఊడ్చింది లేదు. ఇద్దరం కారు కింద పడుకుని దారి కొలుచుకున్నాం. ఎక్కడ వంగాలి, దేన్ని తప్పించుకోవాలి అన్నది నేను చెప్పాను, అతను తీగ వంచి ఆ దారి పట్టుకున్నాడు. వంపు కోసం తిన్నటి పైపుని ఏటవాలుగా చిన్న చిన్న ముక్కలు కోసి, ఒకదానికొకటి తిప్పి పెట్టి అతకడం అతని పద్ధతి. ముక్కల్ని ముందు సబ్బు నీళ్ళతో కడిగాడు, తర్వాత గుడ్డతో తుడిచాడు. పెళ్ళికి గిన్నెలు తోమినట్టు తోముతున్నాడేంటా అని నవ్వొచ్చింది నాకు.

అసలు సంగతి ఆ తర్వాత చూశాను. పైపు రెండు కొసలూ తడి కాగితంతో మూసి, లోపల కూడా ఆర్గాన్ గ్యాసు నింపాడు. బయట అతుకు పడుతుంటే లోపలి వైపు మాడిపోకుండా. చల్లారాక కాగితం తీసేసి, వేలు లోపలికి పెట్టి అతుకు చుట్టూ తిప్పి చూశాడు.

"లోపల ఎందుకయ్యా అంత సోకు? ఎవడు చూస్తాడు?" అన్నాను.

"లోపల గరుకుంటే రసం పట్టుకుంటుందండి. పట్టుకున్నది పులుస్తుంది. ఆ ఒక్క చోటు వల్ల మొత్తం పోతుంది," అన్నాడు.

"దీంట్లో పోయేది పొగ."

"అవునండి. అలవాటైపోయింది," అని నవ్వి, తర్వాతి ముక్క అందుకున్నాడు.

అతుకు చూస్తే చేప పొలుసుల్లా వరసగా, ఎక్కడా తడబాటు లేకుండా ఉంది. అంచున బంగారు రంగు, దాని పక్కన ఊదా. నాకు ఇష్టం లేకపోయినా నా చెయ్యి దానిమీదకి వెళ్ళింది. ఈ పనే నేనూ నేర్చుకుని ఉండొచ్చు. ఇరవై ఏళ్ళ క్రితం విజయవాడలో నేర్పిస్తామన్నవాళ్ళు ఉన్నారు. స్టీలు ఎవడు వేయించుకుంటాడు మన జంక్షన్‌లో అని నేనే వెళ్ళలేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది.

నేను ఖాళీగా ఏం లేను. సైలెన్సర్ డబ్బా నాది. ఆ కారు గొంతు ఎలా ఉండాలన్నది తేలేది అక్కడే. లోపలి గొట్టానికి సన్నటి కన్నాలు వందలు వేశాను, ఎన్ని ఎక్కడ వేయాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు, నా చెవిలో ఉంది. దాని చుట్టూ స్టీలు పీచు చుట్టి, ఆ పైన మంటకి కాలని గాజు దూది చుట్టి, మూడుసార్లు విప్పి మళ్ళీ కట్టాను. చివరికి దానిమీద మూత పెట్టి అతికింది మా తోడల్లుడు. నా పనంతా లోపలికి పోయింది. పైకి కనబడేది అతని అతుకు.

డాక్టరుగారు చూడ్డానికి వచ్చారు. పైపు ఎత్తి వెలుతురులో పెట్టుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, ఒక్కో అతుకూ చూశారు. ఫోన్ తీసి ఫొటోలు కొట్టారు. "ఏమండీ, ఇది పనా నగా?" అని మా తోడల్లుడిని అడిగారు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నేళ్ళయింది, చెయ్యి వణక్కుండా ఎలా పట్టుకుంటారు, అన్నీ అతన్నే. టీకొట్టాయన గ్లాసులు తెచ్చి, ఆయన కూడా వంగి చూసి, "మీ తోడల్లుడి చేతిలో ఏదో ఉందండి," అన్నాడు నాతో. నా షాపులో, నా బెంచీ మీద, నా టీ తాగుతూ.

"ఆ డబ్బా నేను చేశానండి," అన్నాను.

"ఆహా, అలాగా," అన్నారు డాక్టరుగారు. మళ్ళీ అతుకు వైపే తిరిగారు.

నా కడుపుమంటకి ఇంతకంటే పెద్ద కారణం చూపించలేను. ఆ ఆహా ఒక్కటే.

మర్నాడు పైపు కారుకి ఎక్కించే పని. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో పైపు కదలకూడదు. గోడకో స్టాండుకో గట్టిగా పట్టీలు వేసి బిగించేస్తారు, కదిలితే కీళ్ళు కారతాయి. బండి పైపు అలా కాదు. ఇంజిను స్టార్ట్ అవగానే పక్కకి ఒరుగుతుంది, గేరు మారినప్పుడల్లా ఊగుతుంది, పైపు దాంతో పాటు ఊగాలి. అందుకని దాన్ని బిగించరు, రబ్బరుతో వేలాడదీస్తారు. మా లారీ పనివాళ్ళం పాత టైరు కోసి ముక్కలు చేసి, వాటితో ఊయల కడతాం. పెద్ద విద్యేం కాదు, వారం రోజులు నా దగ్గర కూర్చున్నవాడికైనా వచ్చేస్తుంది. మా తోడల్లుడు మాత్రం జన్మలో బండి పైపు కట్టలేదు. పాత రబ్బర్లు చూసి తెలుసుకుందామన్నా అవి ఎప్పుడో రాలిపోయి తీగే మిగిలింది.

అతను నాలుగు స్టీలు పట్టీలు చేసుకున్నాడు, ముచ్చటగా, అంచులు నున్నగా తీసి. కారు కింద పడుకుని మొదటిది పెట్టి చూసుకుంటున్నాడు. నాకు అతని కాళ్ళే కనిపిస్తున్నాయి. అక్కడి నుంచి అడిగాడు.

"అన్నయ్యా, ఇలా గట్టిగా బిగించేస్తే సరిపోతుందాండి? మా దగ్గర కదలకుండా బిగిస్తాం. కారుకి ఏమన్నా వేరేగా ఉంటుందా?"

నా ఎదురుగా గోడకి మేకు. మేకుకి టైరు ముక్కల గుత్తి. చెయ్యి చాపితే అందుతుంది. నేను దాన్ని చూశాను. చూసి, చాలా తీరిగ్గా అన్నాను, "నీకు తెలియనిదేముందయ్యా. నగ చేసినవాడివి. నువ్వే చూసుకో."

"సరేనండి," అన్నాడు. స్పానరు తిరిగిన శబ్దం వినబడింది. నాలుగు పట్టీలూ బిగించేదాకా నేను అక్కడే నిలబడి చూశాను.

డాక్టరుగారు స్టార్ట్ చేశారు. ఆ గొంతు నేను అనుకున్నదే. బయటికి మెత్తగా, లోపల కూర్చున్నవాడి వెన్నులో ఆడేలా. ఆయన ముఖం చిన్నపిల్లాడిలా అయిపోయింది. కారు వెళ్ళాక మా తోడల్లుడు నాతో, "డబ్బా అదిరిందండి అన్నయ్యా, ఆ సౌండు మీదే," అన్నాడు. ఆ మాటకి కూడా నేను కరగలేదు. ఇనుమైతే కరుగుతుంది గానీ, అసూయ పట్టిన మనిషిని పొగడ్త ఏం చేస్తుంది.

ఆ తర్వాత రోజూ ఎదురుచూశాను. ఫోన్ మోగితే చాలు, విరిగిందా అనుకునేవాణ్ణి. విరిగితే ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు. కళ్ళు మూసుకుపోవడం అంటే అదే. ఐదో రోజు పొద్దున మోగింది. డాక్టరుగారు వాళ్ళ అక్కగారింటికి చింతలపూడి వెళుతుంటే, ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా కారు ఒక్కసారిగా ట్రాక్టరులా అరవడం మొదలుపెట్టిందట. ఆయన గొంతులో నవ్వు లేదు.

"మీ షాపులో చేయించానండి. మీ పేరు చూసి ఇచ్చాను," అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. విరిగింది తోడల్లుడి పైపు కాదు, జంక్షన్ సైలెన్సర్ షాపు పైపు. నా ఒక్క కుర్చీ కాళ్ళు నేనే కోసుకున్నాను.

నేను వెళ్ళేసరికి మా తోడల్లుడు అక్కడే ఉన్నాడు. మా ఆవిడ ఫోన్ చేసి చెప్పిందట, మోటారు సైకిల్ మీద నాకంటే ముందే వచ్చేశాడు. జీడితోట పక్కన కారు ఆపి ఉంది, చుట్టూ పదిమంది. డాక్టరుగారు గొడుగు కింద నిలబడి ఉన్నారు. నేను బురదలో పడుకుని కిందకి దూరాను. నిజం చెబుతున్నాను, ఆ సమయంలో కూడా అతని అతుకు ఊడి ఉండాలని కోరుకున్నాను. ఊడలేదు. ఒక్క అతుకు కూడా చెక్కుచెదరలేదు. మొదటి పట్టీ దగ్గర, అతుకు పక్కన ఉన్న రేకు చిరిగింది. ఊగాల్సినదాన్ని కట్టేస్తే ఎక్కడ చిరగాలో సరిగ్గా అక్కడ.

బయటికొచ్చి లేచి నిలబడ్డాను.

"ఏమండీ, ముప్ఫై ఏళ్ళ అనుభవం అన్నారు," అన్నారు డాక్టరుగారు. పదిమందీ నా వైపు చూశారు. వాళ్ళలో ఇద్దరు నాకు తెలిసిన లారీ డ్రైవర్లు.

మా తోడల్లుడు ముందుకొచ్చాడు. "తప్పు నాదండి," అన్నాడు. "రబ్బరుతో వేలాడదీయాలని అన్నయ్య ముందే చెప్పారు. నేనే వినలేదండి. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ బిగించేశాను."

నేను అతని ముఖం చూశాను. వెటకారం లేదు. వానకి తడిసి, చేతులు కట్టుకుని, తప్పు చేసినవాడు ఎలా నిలబడతాడో అలాగే నిలబడ్డాడు.

డాక్టరుగారు మెత్తబడ్డారు. "అనుభవం ఉన్నాయన మాట వినాలి కదండీ," అన్నారు అతనితో. తర్వాత నా వైపు తిరిగి, "సారీ అండి, మిమ్మల్ని అన్నాను," అన్నారు.

కాదండీ, నేను చెప్పలేదు, అతను అడిగినా చెప్పలేదు. ఈ మాట అనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. డ్రైవర్లు ఉన్నారు, డాక్టరుగారు ఉన్నారు, వాన కూడా సన్నబడింది.

"పోనీలెండి," అన్నాను నేను. "కొత్త కదా."

కారుని షాపుకి లాక్కొచ్చి, చిరిగిన చోట కోసేసి కొత్త ముక్క అతికాడు. నేను మేకు మీది టైరు ముక్కలు దింపి ఊయలలు కట్టాను. అతను కింద నుంచి పైపు పట్టుకున్నాడు, నేను బిగించాను. పూట పని. ఇప్పటికీ ఆ కారు జంక్షన్ దాటుతుంటే లోపల కూర్చునే గుర్తుపడతాను. చింతలపూడి దాకానే కాదు, ఆ తర్వాత ఎన్నో ఊర్లు తిరిగింది. దాన్ని చూసి ఇంకో ఇద్దరు వచ్చి స్టీలు పైపులు చేయించుకున్నారు. డాక్టరుగారు నలుగురిలో ఉన్నప్పుడల్లా ఆ కథ చెబుతారు, పెద్దాయన ముందే చెప్పాడు, చిన్నాయన వినలేదు అని. మా అత్తగారి దాకా కూడా చేరింది. ఆ కథలో నేను మంచివాణ్ణి. మూడేళ్ళుగా అతను ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు. ఒక్క మాట దెప్పినా నాకు హాయిగా ఉండేది. ఆ ఓర్పు చూసినా నాకు కుళ్ళే. అది నాకెందుకు లేదు, అతనికెందుకుండాలి అని.

ఈ వేసవిలో ఒక ఆదివారం అత్తారింట్లో కలిశాం. ప్రార్థన అయింది, పేర్లు మామూలు వరసలోనే వచ్చాయి. అరుగు మీద చిన్న రసాల మామిడిపళ్ళ బుట్ట పెట్టారు. ఆడవాళ్ళు లోపలున్నారు. అతను ఒక్కో పండూ నొక్కి చూసి, బాగా మాగినది ఏరి నా చేతిలో పెట్టాడు.

ఇంక ఆగలేకపోయాను. "ఏవయ్యా, ఆ రోజు చింతలపూడి రోడ్డులో ఎందుకలా అన్నావు? నేను నీకు చెప్పలేదు కదా."

అతను తన పండు మెత్తగా పిసికాడు. "మీ గోడకి టైరు ముక్కలు వేలాడుతుంటాయి కదండి," అన్నాడు. "ఆ చిరుగు చూశాక అవి ఎందుకో తెలిసింది. మీకు ఆ రోజు ఏదో చిరాగ్గా ఉంది అన్నయ్యా. నేను ఒక్కసారే అడిగి ఊరుకున్నాను. రెండోసారి అడిగుంటే చెప్పేవారు. అడక్కపోవడం నా తప్పే కదండి."

అది నిజంగా నమ్మి అంటున్నాడు. పండు తొడిమ కొరికి ఊసేసి, నేను తినడం లేదేమిటని నా వైపు చూశాడు. నేను తిన్నాను. తీయగా ఉంది, బుట్టలో అన్నిటికంటే మంచి పండు అదే అయ్యుంటుంది.

రెండోసారి అడిగినా చెప్పేవాణ్ణి కాదు. పదిసార్లు అడిగినా చెప్పేవాణ్ణి కాదు. ఆ మాట ఇక్కడ రాశాను గానీ, ఆ అరుగు మీద అనలేదు. "అవునయ్యా," అన్నాను, "ఇంకోసారి అడగాల్సింది నువ్వు."